బొమ్మ చూపు

ఎడమ కన్ను దిద్దగానే కుంచె పక్కన పెట్టి ఫోను చూసుకోవడం ఆ కోడలికి అలవాటు. కొయ్యబొమ్మలకు అత్త రంగులేస్తే, కోడలు కళ్ళు పెడుతుంది.

ఒకరోజు అత్త బొమ్మను తిప్పి చూసింది. “ఏమే, దీని కుడి కన్ను నీ ఫోను వైపే చూస్తోందే!”

“మెల్లకన్ను అదృష్టమంటారు కదత్తయ్యా.”

“వచ్చిన ప్రతి బొమ్మకీ అదృష్టమేనా? ఇక కళ్ళు నేనే పెట్టుకుంటాలే.”

ఆ ఇంట్లో కోడలు అచ్చంగా తనదనుకున్న పని అదొక్కటే. “ఇంకొక్క బొమ్మ ఇవ్వండి” అని బతిమాలి, ఫోను ఆపేసి, రెండు కళ్ళూ ఒకే ఊపున దిద్దింది.

కుంచె తీసేసరికి కొయ్య ఆమెను చూసింది. ఆమె పక్కకు జరిగితే చూపూ వెంట జరిగింది. అత్త మిగతా బొమ్మలన్నీ కోడలి ముందుకు జరిపింది.

మర్నాడు పొద్దున కోడలు ఫోను తెరవలేదు. ఆ చూపు ముందు పని చేయలేక, బొమ్మను కిటికీ వైపు తిప్పి, మరొకటి చేతిలోకి తీసుకుంది.