మా అక్క కట్టలేకపోయిన పరీక్ష ఫీజు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నాలుగు మాటలు దగ్గకుండా మాట్లాడగలుగుతున్నాను, ముందు దానికి దేవునికే మహిమ! ఒకప్పుడు పాట మధ్యలో దగ్గు తెరలొచ్చి లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని, మీకు గుర్తుండే ఉంటుంది, మీరంతా వెనక్కి తిరిగి చూసేవాళ్ళు కదా.

నేనూ మా అక్క రూతమ్మా నల్లపాడు దగ్గర మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళేవాళ్ళం. ముక్కుకి చీర చెంగు కట్టుకున్నా ఆ ఘాటు ఆగదు, ఇంటికొచ్చి తలారా స్నానం చేసినా పోదు, కళ్ళు తుడుచుకుందామంటే వేళ్ళే మండుతుంటాయి. ఏళ్ళ తరబడి అలాగే చేశాం. చివరికి అక్కకి గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి, ఆ వెనకే నాకూ. డాక్టరు గారు, ఆ దుమ్ములోంచి బయటపడండమ్మా, లేకపోతే నేనిచ్చే మందులు దండగ అన్నారు. బయటపడి ఎక్కడికి పోతాం? ఆడపిల్లల హాస్టల్లో వంటమనుషులు కావాలంటే వెళ్ళి అడిగాం. పదో తరగతి పాసవ్వాలన్నారు. అన్నం వార్చడానికి పదో తరగతేంటండీ అని అక్క అక్కడే గొడవ పెట్టుకుంది, మళ్ళీ తనే కాళ్ళ పట్టీలు అమ్మి ఓపెన్ స్కూల్లో చేరింది, నన్నూ లాక్కెళ్ళి చేర్పించింది.

చదువు వచ్చింది, దేవునికి స్తోత్రం! అక్కకి లెక్కలు నాకంటే బాగా వచ్చాయి. పరీక్ష ఫీజు దగ్గరే ఆగిపోయాం. గడువు వచ్చేసరికి మిర్చి ఇంకా చేలల్లోనే ఉంటుంది, మాకు పని ఉండదు, పత్తి తీతకి వెళ్ళి తెచ్చుకున్న కూలేమో అక్క మందులకే చాలలేదు. అప్పుడు మనందరం చేసేదే మేమూ చేశాం. ఆదివారం ఇదే మందిరంలో నిలబడి ప్రార్థన అంశం చెప్పాం.

ముందు వరసలో కూర్చున్న మన సంఘ పెద్ద గారు ఆ రోజు ఎంత చక్కగా ప్రార్థించారో! "పరలోకమందున్న మా తండ్రీ, నీ దాసురాండ్రైన ఈ అక్కాచెల్లెళ్ళ అక్కర నీవు ఎరుగుదువు, వీరి పరీక్ష ఫీజును నీవే సమకూర్చుము తండ్రీ!" అందరూ ఆమేన్ అన్నారు, కొందరు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు. ఆ తర్వాత ప్రకటనల్లో, కొత్త సౌండ్ బాక్సులకి అనుకున్నదానికంటే ఎక్కువే కానుక వచ్చిందని చదివారు. దానికీ ఆమేన్ అన్నాం, మేమిద్దరం కూడా అన్నాం.

ఇంటికి పోతూ పోతూ మా అక్క రోడ్డు మీదే ఆగి, ఆయాసపడుతూ ప్రార్థన చేసింది. "తండ్రీ, వాళ్ళంతా కళ్ళు మూసుకున్నారు, నువ్వన్నా తెరిచి చూడవయ్యా." నాకు నవ్వొచ్చింది, తనకి రాలేదు.

గడువు దాటిపోయింది. సీజన్ వచ్చింది, మళ్ళీ ఆ దుమ్ములోకే వెళ్ళాం, ఆ సీజన్ మధ్యలోనే ఊపిరాడక మా అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. భూస్థాపనకి మీరంతా వచ్చారు. పెట్టె ఖర్చు పెద్ద గారే పెట్టుకున్నారు, నేను మర్చిపోలేదు. కానీ ఆ పెట్టె ఖర్చులో మా ఇద్దరి ఫీజులూ వచ్చేవి సహోదరులారా.

మరుసటి ఏడు ఓపెన్ స్కూల్ మేడం గారు ఫోన్ చేశారు. మీలా బడి వయసు దాటినవాళ్ళకి ఈ ఏటి నుంచి పరీక్ష ఫీజు మాఫీ చేశారమ్మా, వచ్చి సంతకం పెట్టి వెళ్ళు అన్నారు. సంతోషించానా? లేదు! పొయ్యి ముందు కూలబడి దేవుణ్ణి తిట్టినంత పని చేశాను. "ఒక్క ఏడాది ముందు చేయిస్తే నీ సొమ్మేం పోయేది తండ్రీ? మా అక్క నీకేం అన్యాయం చేసింది?" ఆయన నా మీద కోపగించలేదు, ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చాడు, ఆ ధైర్యంతోనే లేచి వెళ్ళి సంతకం పెట్టాను, అక్క నేర్పిన లెక్కలతోనే పరీక్ష రాసి పాసయ్యాను, ఇప్పుడు ఆ హాస్టల్లోనే వండుతున్నాను. పోపులో ఎండుమిర్చి వేసినప్పుడల్లా వెనక్కి జరుగుతాను, పిల్లలు నవ్వుతారు.

ఈ ఉదయం పెద్ద గారు, సంఘం ప్రార్థన వల్లే ఫీజు మాఫీ అయిందని చెప్పమ్మా, విశ్వాసులు బలపడతారు అన్నారు. కొందరైతే కృతజ్ఞత కూడిక ఎప్పుడు, బిర్యానీ ఎప్పుడు అని అడుగుతున్నారు! అయ్యా, నేను అబద్ధ సాక్ష్యం చెప్పలేను. దేవుడు ముందు మన దగ్గరికే వచ్చాడు, మనం కదల్లేదు. అప్పుడు నేను ముఖం కూడా ఎరగని ఏ అధికారి మనసునో కదిలించాడు. మహిమ ఆయనకే, మనకి కాదు.

దేవుణ్ణి నమ్మండి, ఆయన నన్ను బతికించాడు. అదుగో, వెనక చాప మీద సుజాత కూర్చుంది, నాతో తొడిమలు తీసిన పిల్లే, తనకీ పిల్లికూతలు మొదలయ్యాయి. తనూ పదో తరగతి పరీక్ష రాయాలి, ఫీజు మాఫీయే గానీ పరీక్ష సెంటర్ దూరం, ఆ రోజుల్లో కూలి పోతుంది, చంటిబిడ్డని చూసేవాళ్ళు లేరు. తన సంగతి ప్రార్థన అంశంగా చెప్పమని నన్ను అడిగింది. నేను చెప్పను. బిడ్డని ఎవరు ఉంచుకుంటారో, బస్సు ఎక్కించి ఎవరు తీసుకెళ్తారో చెయ్యెత్తండి.

పెద్ద గారూ, ముగింపు ప్రార్థన మీరు మొదలుపెట్టండి. ఒక్క చెయ్యన్నా లేచాకే నేను కళ్ళు మూసుకుంటాను.