అమ్మ కర్నూలు నేర్చుకున్న పది రోజులు

నాకప్పుడు తొమ్మిదేళ్లు... ఎండాకాలం సెలవులు. ఆత్మకూరు నుంచి వచ్చిన బస్సు దిగి కర్నూలు బస్టాండు బయట నిలబడ్డాము, నేనూ అమ్మా. అమ్మ చేతిలో గుడ్డసంచి. అందులో జొన్నరొట్టెలు, నీళ్ల సీసా, నా పాత నోటుపుస్తకం. ఏ వైపు పోవాలో ఇద్దరికీ తెలియదు...

నాన్న పోయి అప్పటికి ఆరు నెలలు. ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. ఆయన బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు. అమ్మ ఏడో తరగతి పాసైంది కాబట్టి అమ్మకే వస్తుంది. కానీ పోస్టు కర్నూలులో... ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు ఫైళ్లు, కాగితాలు చేర్చే పని.

మా పెదనాయన ఒప్పుకోలేదు. "పక్కవీధికి కూడా ఒక్కదానివే పోయి ఎరగవు మా. అంత పెద్ద ఊర్లో ఫైళ్లు ఎత్తుకొని యాడ తిరుగుతావు? పాపకు పద్దెనిమిదేండ్లు నిండినాక దానికే రాయించుకుందాం. అంతవరకూ మా ఇంట్లోనే ఉండండి" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. మా మీద ప్రేమతోనే అన్నాడు. కానీ అంతవరకూ అంటే తొమ్మిదేళ్లు...

అమ్మ మూడోరోజు తలుపు చాటు నుంచి, "బావా, నాకు పది రోజులు టైమియ్యండి. ఊరు నేర్చుకుంటా. చాతకాకపోతే మీరు చెప్పినట్లే చేస్తా" అంది.

అలా వచ్చాము. కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులో అమ్మ వాళ్ల చిన్నమ్మ ఇంట్లో దిగాము.

మొదటిరోజే తప్పిపోయాము. కలెక్టరాఫీసుకు పోతుందనుకుని ఎక్కిన సర్వీసు ఆటో మమ్మల్ని ఊరి ఇంకో కొసన నంద్యాల చెక్‌పోస్టు దగ్గర దించింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఒక అంగడి నీడలో కూర్చోబెట్టి రొట్టె తినిపించి, "పా, నడుచుకుంటా ఎనక్కి పోదాం. మళ్లీ ఆటో ఎక్కితే దారి కంటికి పడదు" అంది. మధ్యాహ్నం ఎండలో సి.క్యాంపు మీదుగా నడిచాము... తారు మెత్తబడి చెప్పులకు అంటుకునేది.

రోజూ పొద్దున్నే బయల్దేరేవాళ్లం. నేను బోర్డులు చదివి నోటుపుస్తకంలో రాసేదాన్ని. అమ్మ గుర్తులు వేరే. ఉగ్గాని బజ్జీల వాసన వచ్చే మలుపు, కుట్టుమిషన్లు నాలుగు వరసగా ఉండే అరుగు, ఎప్పుడూ నీళ్లు కారే కొళాయి... "కొండారెడ్డి బురుజు కనపడినంతసేపూ మనం పాత ఊర్లోనే ఉండామని లెక్క" అనేది.

సిటీ బస్సు ఎక్కితే కండక్టరు వెనక సీట్లోనే కూర్చునేది. ఆయన స్టాపుల పేర్లు అరుస్తుంటే పెదాలు కదిలిస్తూ తనలో తను అనుకునేది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన అరవక ముందే నా చెవిలో చెప్పేది. తప్పయితే మర్నాడు మళ్లీ అదే బస్సు.

పెద్దాసుపత్రి దగ్గర నన్నారి షర్బత్ బండి పెట్టుకున్న ఒక పెద్దాయన రోజూ మమ్మల్ని చూసేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు. "ఏమమ్మా, దినామూ ఇట్లే పోతాండారు. ఎవురినన్నా ఎతుకుతాండారా?"

"లేదన్నా... ఊరు నేర్చుకుంటాండా."

ఆయన నవ్వలేదు. నాకో గ్లాసు షర్బత్ ఇచ్చి, "అట్లయితే రోడ్డెంబడి ఎందుకు? ఆ ఎనక సందులో పొండి, ఆఫీసుల కాడ తేలుతారు. ఎండా తగలదు, దూరమూ తగ్గుతాది" అని చూపించాడు. ఆ సందు నేను పుస్తకంలో రాయలేదు. దానికి బోర్డు లేదు మరి...

ఏడోరోజుకు అమ్మ చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంది. మడమలకు బొబ్బలు. నేను రోడ్డు పక్కనే కూలబడి, "మా, పెదనాయన ఇంటికి పోదాం మా" అన్నాను.

అమ్మ నా పక్కన కూర్చుంది. "పెదనాయనోళ్లు శానా మంచోళ్లు. మనకు కూడు పెడతారు. కానీ నీకు పెన్సిలు కావల్లన్నా నేను ఇంకొకరి మొగం చూడల్ల. లెయ్ పాపా, ఇంగ రెండు ఆఫీసులు ఉండాయి."

పదోరోజు పెదనాయన వచ్చాడు. ఉద్యోగం ఇప్పుడు చేస్తారా, పాప కోసం ఆపుకుంటారా అన్నది ఆ సాయంత్రంలోగా ఆఫీసులో రాసివ్వాలి. ముగ్గురం సిటీ బస్సెక్కాము. ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికి ముందు లారీ చెడిపోయి రోడ్డంతా ఆగిపోయింది. పెదనాయన గడియారం చూసుకుంటూ, "అయిపాయె... ఇంగ ఈ పొద్దు పని కాదు" అన్నాడు.

"దిగండి బావా" అంది అమ్మ. ఆయన ముందు అమ్మ అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

సందులోకి మళ్లింది. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, వెనక్కి చూడకుండా... నేను పరుగు, నా వెనక పెదనాయన రొప్పుతూ. "ఇట్లనా? ఇట్లనేనా మా?" అని ప్రతి మలుపులోనూ అడుగుతున్నాడు. అమ్మ ఒక్కచోట కూడా ఆగలేదు. సందు దాటి రోడ్డెక్కేసరికి ఆఫీసు గేటు ఎదురుగానే ఉంది.

గుమస్తా కాగితం తీసి, "ఏమ్మా, నువ్వే చేస్తావా? పాపకు పెట్టుకుంటావా?" అని అడిగాడు.

అమ్మ నోరు తెరిచేలోగా పెదనాయన, "ఆయమ్మే చేస్తాది సార్. ఊరు నాకంటే బాగా తెలుసు" అన్నాడు. పైపంచతో ముఖం తుడుచుకున్నాడు. చెమటే అనుకున్నాను అప్పుడు...

అమ్మ సంతకం పెట్టింది. పేరు చివర గీత కాగితం అంచు దాకా లాగింది.

రిటైరయ్యేదాకా అమ్మ అదే ఊర్లో అదే పని చేసింది. ఇప్పుడూ మోకాళ్లు సహకరించిన రోజున నడిచే వెళుతుంది. దారిలో పలకరించేవాళ్లతోనే సగం పొద్దు గడిచిపోతుంది. నేనేమో ఫోను చెప్పిన మలుపు తిరుగుతాను. ఎక్కడికైనా పోగలను... కానీ నేనుండే వీధిలో నాలుగో ఇంట్లో ఎవరుంటారో తెలియదు.

మీ ఊరిని మీకు ఎవరు నడిపించి చూపించారు? వాళ్ల గురించి రెండు మాటలు రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.