తుడిచేసిన చోట్లు

కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకుంటానని ఎవరైనా వస్తే, ముందు పక్కనున్న వాళ్లను బయటికి పంపమంటాను. నవ్వుతారు. నవ్వనీ. పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూసుకో, వైఫై అందుతోందా, సౌండ్ వస్తోందా చూసుకో, ఆ తర్వాతే డిస్కు మీద చెయ్యి వెయ్యి అని కూడా చెబుతాను. అవి ఎవరైనా చెప్పేవే. పక్కనున్న మనుషుల సంగతి మాత్రం నేను భీమిలిలో నేర్చుకున్నాను.

ఆటోనగర్‌లో నాది కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు. భీమిలిలో ఒక పడవ యజమాని నా స్నేహితుడు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకుంటాం. వాళ్ల నాన్న పోయాక, ఆయన వాడిన పాత లాప్‌టాప్‌ను కూతురి చదువు కోసం బాగుచేయమన్నాడు. విండోస్ నత్తనడక నడుస్తోంది. లినక్స్ వేస్తే పరుగెడుతుందని గొప్పలు పోయాను.

మధ్యాహ్నం వాళ్ల అరుగు మీద కూర్చున్నాం. పక్కనే ఇంకో పడవ యజమాని టీ తాగుతున్నాడు.

“ఇందులో కావలసినవేటైనా ఉన్నాయా బావా? మొత్తం తుడిసేత్తన్నాను,” అని గట్టిగానే అడిగాను.

బావ ఆ టీ తాగే మనిషి వైపు ఒకసారి చూశాడు. “ఏటీ నేదు. తుడిసీ బావా.”

నొక్కాను. కాసేపటికి కొత్త తెర వెలిగింది. ఆ మనిషి వెళ్లిపోయాక బావ నన్ను లోపలికి తీసుకెళ్లి, తలుపు మూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“మా నాన్న సోట్లు ఏవి బావా? సూపించు.”

చేపలు బాగా పడే చోట్లు. వాళ్ల నాన్న బతుకంతా సముద్రంలో తిరిగి పోగేసి, జీపీఎస్ అంకెల్లో దాచుకున్నవి. పడవలోని జీపీఎస్ మిషన్ ఉప్పునీటికి పాడయ్యాక అవి ఆ లాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేవు. ఇంకో పడవ వాళ్ల ముందు ఆ చోట్ల మాట ఎవరూ ఎత్తరు, ఉన్నాయని కూడా అనరు. పైగా తుడిస్తే విండోస్ ఒక్కటే పోతుందని అనుకున్నాడట. అన్నీ తెలిసినవాణ్ణి నేను, విడిగా పిలిచి ఒక్క మాట అడగలేదు. వారం రోజులు ఆ డిస్కుతో కుస్తీ పట్టాను. సగం చెదిరిపోయిన పెళ్లి ఫొటోలు వచ్చాయి. చోట్లు రాలేదు.

బావ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తండ్రి చోట్లు వెతుక్కుంటూ, గాలి బాగాలేని రోజుల్లో కూడా ఇదివరకటి కన్నా దూరం వెళ్తున్నాడు. డిస్కు మొత్తం తుడిచేయమంటారా అని తెర అడిగిన ప్రతిసారీ నాకు బావ గొంతు వినిపిస్తుంది. వేలు ఆగిపోతుంది. భయం, దాని వెనకే సిగ్గు.

మొన్న షాపుకొచ్చాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

“ఏడు దొరికినాయి బావా. రాసుకో, నీ కాడ ఉండనీ. నాకేటైనా అయితే మా పాపకి ఇయ్యి.”

కన్నకూతురికి కూడా ఇంకా చెప్పని అంకెలు, అన్నీ పోగొట్టినవాడి చేతిలో పెట్టాడు. రెండు పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించాను. ఇప్పుడు బావ పడవ వెళ్లిన ప్రతి రోజూ, అవి పాపకి ఇచ్చే పని నాకు పడకూడదని దేవుణ్ణి వేడుకుంటున్నాను.