చేపల తొట్టి దగ్గర కమలాక్షమ్మత్త

మా కమలాక్షమ్మత్త నోట "బాగుంది" అన్న మాట విన్నవాళ్లు ఆళ్లగడ్డలో ఎవరూ లేరు. అహోబిలం కొండెక్కి, దండం పెట్టి, "ఇంకొంచెం కింద వెలిసింటే ఏం పోయేది సామీ" అని దేవుణ్ణి మొహం మీదే అడిగిన మనిషి. మామ తన బట్టల కొట్లోకి ఆమెను రానిచ్చేవాడు కాదు. చీర బేరం కుదిరే సమయానికి "ఈ రంగు నిలబడదు పాపా" అని చెప్పేస్తుందని భయం.

అటువంటి మనిషిని నేను నంద్యాల దగ్గర చేపల మ్యూజియానికి తీసుకుపోయాను. ఒకప్పుడు అక్కడ చేపపిల్లలను పుట్టించి చుట్టుపక్కల చెరువులకు పంపేవారు. ఇప్పుడు తొట్లు కడిగి, రంగులేసి, జనానికి చూపిస్తున్నారు.

"మనం చేపలు తినేవాళ్లం కాదు, పట్టేవాళ్లం కాదు. ఈడ మనకేం పని రా?" అంది అత్త గేటు దగ్గరే.

గేటు లోపల మేనేజరు జయప్రకాష్, అన్నీ చూపించి చెప్పే అమ్మాయి వాణిని మందలిస్తున్నాడు. "నిన్న కూడా జనం ముందర నోరు పెగల్లేదు. ఈ పొద్దూ అంతే అయితే రేపట్నుంచి రావద్దు."

మొదటి గదిలో గాజు జాడీలున్నాయి. వాణి "ఇవి... ఇవి..." అని ఆగిపోయింది. జయప్రకాష్ వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏందీ ఇవి? ఊరగాయ జాడీలు చూసేదానికా ఇంత దూరం వచ్చింది?" అంది అత్త.

వాణి మొహం ఎర్రబడింది. "ఊరగాయకు కాదమ్మా, గుడ్లకు. కింద నుంచి నీళ్లు ఎగజిమ్మతాంటే గుడ్లు తిరుగుతాంటాయి. అడుక్కు పోతే గాలాడక చస్తాయి."

అత్త గోడ మీది బోర్డు చదివింది. "తల్లిచేపకు సూది మందు కూడా ఏస్తారంటనే. నా మోకాలికి ఏసే దిక్కు లేదు."

"ఏస్తేనే గుడ్లు పెడతాదమ్మా."

పక్క హాల్లో అత్త మళ్లీ ఆగింది. "ఈ గుండ్రం తొట్టి ఏంది, గానుగా?"

"నీళ్లు సుడి తిరిగితే చేపలు ఏరొచ్చింది అనుకుని గుడ్లు పెడతాయి."

"అంటే నోరు లేనివాటిని మోసం చేసినారు."

"మోసమంటావేందమ్మా?" వాణి గొంతు హాలంతా మోగింది. "వానల్లేక ఏరు పారని ఏడు కూడా మన చెరువుల్లో చేప ఉన్నిందంటే, ఈ తొట్టి పుణ్యమే. ఇట్ల రా, చూపిస్తా."

అక్కణ్ణుంచి ఆమె ఆగలేదు. జనం ఆమె వెనకే నడిచారు. జయప్రకాష్ కట్టుకున్న చేతులు విప్పి, ఆఖర్న చప్పట్లు కొట్టాడు. అత్త మాత్రం "గోడకు సున్నం సరిగా కొట్లేదు" అంటూ బయటికొచ్చింది.

నాకు తల కొట్టేసినట్టయింది. బస్సెక్కాక అడిగాను. "చిన్నపిల్లను అంత మాటలనల్నా అత్తా?"

"వణకతాన్నింది గదరా. మెచ్చుకుంటే ఇంకా బిగుసుకుపోతాది. కోపమొస్తే నోరు అదే తెరుసుకుంటాది. ఆ జయప్రకాషు ముందర తెరుసుకోవల్ల గదా."

నాకు గుండె నిండిపోయింది.

"అయితే, ఇన్నేళ్లుగా నన్ను తిట్టిందీ నా మంచికేనా అత్తా?"

అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"నిన్నా? నిన్ను నిజంగానే తిట్టినా లే."