ఎమిల్ సాబోల్ తెల్ల పాచిక

అమెరికాలోని మొనెసెన్ ఊరి ఉక్కు మిల్లులో ఎమిల్ సాబోల్‌ని పేరుపెట్టి పిలిచినవాడు లేడు. కొలిమి దగ్గర మోకాళ్ళు అరిగేదాకా చేశాడు, ఫోర్‌మన్‌కి అతను చివరిదాకా “ఏయ్, నువ్వూ” మాత్రమే. యూనియన్ మీటింగుల్లో గోడకి ఆనుకుని నిలబడి వచ్చేవాడు. చర్చిలో వెనక బల్ల. మిల్లు మూతపడ్డాక తోటివాళ్ళు కొందరు టెక్సాస్ పోయారు, కొందరు బారులో కూర్చున్నారు. ఎమిల్ ఇంటి వెనక గదిలో కూర్చున్నాడు.

ఆ గదిలో మాత్రం అతను మేనేజర్. పోస్టులో వచ్చే కవర్ల మీద అలాగే ఉండేది: మేనేజర్ ఎమిల్ సాబోల్, మొనెసెన్. భార్య ఇర్మా ఆ కవర్లను చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో తెచ్చి బల్లమీద పడేసేది.

“మేనేజర్‌గారూ, మీ జట్టుకి ఉత్తరం. కుళాయి కారుతోంది, దానికీ ఎవరైనా మేనేజర్ ఉంటే చెప్పు.”

అది కాగితాల మీద ఆడే బేస్‌బాల్, అందులో జట్టు నడిపేవాణ్ణి మేనేజర్ అంటారు. నిజం ఆటగాడు ఒక్కొక్కడికీ ఒక కార్డు ఉంటుంది. పోయిన ఏడాది వాడు మైదానంలో చేసిన నిర్వాకమంతా అంకెలుగా మార్చి దాని మీద అచ్చువేస్తారు. మూడు పాచికలు వెయ్యాలి. తెల్లది ఎవరి కార్డు చూడాలో చెబుతుంది: ఒకటి, రెండు, మూడు పడితే బంతిని కొట్టేవాడి కార్డు, నాలుగు, అయిదు, ఆరు పడితే బంతి విసిరేవాడి కార్డు. ఎర్రవి రెండూ కలిపితే ఆ కార్డులో ఏ గడి చూడాలో తెలుస్తుంది. బంతి కంచె దాటిందా, చేతికి చిక్కిందా అన్నది అక్కడ రాసి ఉంటుంది.

వాళ్ళ లీగ్‌లో ఎనిమిది మంది, ఎనిమిది ఊళ్ళు. ఒకరి ఊరికి ఒకరు రోజూ పోలేరు గనక, ఎవడి ఇంట్లో ఆటైతే వాడే రెండు జట్లకీ పాచికలు వెయ్యాలి. అవతలివాడు తనవాళ్ళలో ఎవరు ఆడాలో రాసి పోస్టులో పంపుతాడు. ఇతను ఒంటరిగా కూర్చుని ఆడి, ఏ పాచిక ఎంత పడిందో, ఎవరు గెలిచారో లెక్కంతా తిరిగి రాసి పంపుతాడు. చూసేవాడు ఉండడు. ఓడినవాడు నోరుమూసుకుని నమ్మాలి. మగాళ్ళు పెళ్ళాలని కూడా అంతగా నమ్మరు.

ఎమిల్ తన ఇంట్లో గెలిచేవాడు. బయట ఊళ్ళలో ఓడేవాడు, అయినా ఇంట్లో గెలుపులు ఎంత ఎక్కువంటే లీగ్ కప్పు పదేపదే మొనెసెన్‌కే వచ్చేది. దానికి అతని దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది. విసిరేవాళ్ళు దండగ. మంచి కొట్టేవాళ్ళని పోగుచెయ్యాలి, విసిరేవాడిగా చెత్తకుప్పలో దొరికినవాణ్ణి పెట్టుకున్నా చాలు. ఏటా మార్చిలో ఎనిమిదిమందీ వీలింగ్ ఊళ్ళో అగ్నిమాపక దళం వాళ్ళ హాల్లో కలిసి కొత్త ఆటగాళ్ళని పంచుకునేవారు. అక్కడ ఎమిల్ లేచి నిలబడి ఈ సిద్ధాంతం చెప్పేవాడు. యూనియన్ మీటింగులో నోరు తెరవని మనిషి, చెయ్యి ఊపి మరీ చెప్పేవాడు. మిగతావాళ్ళు తలలూపి రాసుకునేవారు. ఇళ్ళకి పోయి అతను చెప్పినట్టే ఆడి చిత్తుగా ఓడిపోయేవారు. “కన్ను ఉండాలిరా, కన్ను,” అనేవాడు ఎమిల్. ఆ ఒక్క వాక్యం మీదే ఏడాది పొడుగునా బతికేవాడు.

పొద్దున్నపూట అతని వేళ్ళు కొయ్యబారేవి. వెనక గది ఐసుపెట్టె. అందుకని ఆవిరితో కాలే ఇనుప రేడియేటర్ మీద పాచికలు వెచ్చబెట్టుకునేవాడు. ఆట అయ్యాక మళ్ళీ అక్కడే పెట్టేవాడు. తెల్లదాన్ని ఎప్పుడూ ఒకటి పైకి వచ్చేలా, కొట్టేవాడికి అదృష్టమని.

“మేజోళ్ళు ఆరేసుకునే చోటది,” అనేది ఇర్మా. “నీ పాచికలకి తలగడ కూడా వెయ్యమంటావా?”

“తాకకు. ఎలా పెట్టానో అలా ఉండాలి.”

“మరియమాతకి కొవ్వొత్తి కూడా ఇంత భక్తిగా పెట్టవు కదయ్యా!”

ఆ ఫిబ్రవరిలో లియో మాజెక్ ఫోన్ చేశాడు. లియో స్టూబెన్‌విల్‌లో కసాయి కొట్టు నడిపేవాడు. కుర్రతనంలో ఎమిల్, అతనూ కలిసి మొదలుపెట్టిన లీగ్ ఇది. వంటింటి ఫోన్‌లో అతని గొంతు ఇర్మాకి కూడా వినబడింది.

“ఒరేయ్ ఎమిల్, ఈ ఏడు మార్చిలో నువ్వు వీలింగ్ రాకు. జ్వరమని చెప్పు.”

“నాకు జ్వరమేంటి? దుక్కలా ఉన్నాను.”

“మన లీగ్‌లో ఆ కుర్రాడు క్రెయిగ్ కంప్యూటర్ కొన్నాడు చూడు, చలికాలమంతా కూర్చుని మన పాత ఆటలన్నీ దాంట్లోకి ఎక్కించాడు. నీ ఇంట్లో తెల్ల పాచిక నాలుగు, అయిదు, ఆరు పడటమే అరుదంట. మిగతా ఏడుగురి ఇళ్ళల్లో సగం సగం పడుతోంది. అలా పడటం కుదరదంటోంది ఆ పెట్టె.”

“అంటే?”

లియో దగ్గాడు. “అంటే ఏముంది. నేననలేదు సుమా. మిగతావాళ్ళు అంటున్నారు.”

ఎమిల్ ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. ముఖం పిండిలా తెల్లబారింది. దొంగ అన్నారు. బతుకులో అతనికి పేరంటూ ఉన్న చోటు అదొక్కటే, అక్కడే దొంగ అన్నారు.

“వెళ్తాను,” అన్నాడు. “నా పాచికలు పట్టుకెళ్ళి వాళ్ళముందు పెడతాను. వాళ్ళచేతే వేయిస్తాను. అప్పుడు ఎవడు తల దించుకుంటాడో చూద్దాం.”

మార్చిలో ఆ రోజు ఇర్మా కారు తీసింది. అతని మోకాళ్ళు పోయిన దగ్గర్నుంచీ కారు నడిపేది ఆవిడే. వీలింగ్ దాకా దారి పొడుగునా ఎమిల్ తను మాట్లాడబోయే మాటలు గొణుక్కుంటూనే ఉన్నాడు. పెళ్ళికి కొన్న కోటు వేసుకున్నాడు. బొత్తాలు పట్టలేదు.

హాల్లో ఎప్పటిలాగే పొడుగు బల్లలు, కాఫీ డ్రమ్ము, హామ్ సాండ్‌విచ్‌లు. ఒక చివర కొత్తగా ఆ కంప్యూటర్, పచ్చటి అక్షరాలు మెరుస్తూ. దాని వెనక క్రెయిగ్ నెస్టర్, బీమా ఆఫీసు గుమాస్తా, అందరిలోకీ చిన్నవాడు. ఎమిల్‌ని చూసి లేచి నిలబడ్డాడు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా పనికొచ్చేవాడు.

“ఎమిల్‌గారూ, కూర్చోండి. కాఫీ తాగుతారా?”

“తాగడానికి రాలేదు.” ఎమిల్ జేబులోంచి చిన్న సంచీ తీసి బల్లమీద బోర్లించాడు. “ఇవిగో. నా ఇంట్లో మొదట్నుంచీ ఇవే. లియో, నువ్వు వెయ్యి. నా చెయ్యి తగలదు.”

“ఎందుకురా ఇప్పుడు...”

“వెయ్యమంటే వెయ్యి! నీ పంది మాంసం కొట్టే చెయ్యేగా, అరిగిపోదులే.”

లియో మూడూ కలిపి గుప్పిట్లో ఊపి వేశాడు. తెల్లది ఒకటి. మళ్ళీ వేశాడు. ఒకటి. “ఆఁ, పడుతుంది ఒక్కోసారి,” అన్నాడు ఎమిల్. మళ్ళీ వేస్తే రెండు. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి. చుట్టూ ఉన్నవాళ్ళు కాఫీ కప్పులు కింద పెట్టి దగ్గరికి జరిగారు. లియో ఆగకుండా వేస్తూనే ఉన్నాడు. ఎక్కడో ఒక అయిదు పడి పాతస్నేహితుడు ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ ఒకటి మొదలైంది.

లియో దాన్ని వేళ్ళమధ్య పట్టుకుని వెలుతురులోకి ఎత్తాడు. బల్లమీద పెట్టి గోటితో తట్టాడు. కొవ్వొత్తి కింద కారినట్టు అడుగు కొంచెం వెడల్పయింది. పై అంచులు గుండ్రబడ్డాయి.

“ఎమిల్,” అన్నాడు నెమ్మదిగా, “దీన్ని ఎవడురా అరగదీసింది?”

ఎమిల్ పాచిక కోసం చెయ్యి చాచాడు. ఎవరో వెనకనుంచి, “కప్పులు గెలిచిందిలా అన్నమాట,” అన్నారు. ఇంకొకడు ఈల వేశాడు.

అప్పటిదాకా తలుపు దగ్గర కుర్చీలో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఇర్మా లేచింది.

“ఈల ఎవడు వేశాడు? నువ్వా? ముందు ప్యాంటు జిప్పు పెట్టుకో, తర్వాత ఈలెయ్యి.” బల్ల దగ్గరికి వచ్చి పాచికని లియో చేతిలోంచి లాక్కుంది. “అరగదీయడానికి ఈయనకి తెలివేదీ? రేడియేటర్ మీద పెడతాడు. వేళ్ళు వెచ్చగా ఉండాలని. ఏళ్ళ తరబడి, ఎప్పుడూ ఇదే మొహం పైకి. నా మేజోళ్ళే కమిలిపోతాయి దానిమీద. ప్లాస్టిక్ ఉంటుందా? ఎర్రవి గట్టి సరుకు, నిలబడ్డాయి. ఇది మెత్తబడి కూర్చుండిపోయింది. చేత్తో తడిమి చూడండి, కత్తి గాట్లేమైనా ఉన్నాయేమో!”

క్రెయిగ్ కళ్ళజోడు పెట్టుకుని పాచికని తిప్పితిప్పి చూశాడు. ఎంతసేపు చూశాడంటే కంప్యూటర్ తెర ఆరిపోయింది.

“ఈవిడ చెప్పింది నిజం,” అన్నాడు. “ఇది గీకింది కాదు. వేడికి కుంగింది. ఎమిల్‌గారు మోసం చెయ్యలేదు. ఈ మాట అందరిముందూ అంటున్నాను. ఎవరికైనా అనుమానముంటే ఇప్పుడే చెప్పండి.”

 ఈల వేసినవాడు వచ్చి ఎమిల్ భుజం తట్టాడు. లియో కళ్ళు తుడుచుకున్నాడు, కసాయివాడికి కూడా ఏడుపొస్తుంది. ఇర్మా గెలిచినట్టే మొగుడి వైపు తిరిగింది.

ఎమిల్ ముఖం ఫోన్ వచ్చిన రోజుకంటే పాలిపోయి ఉంది.

“అయితే,” అన్నాడు, “నా ఇంట్లో ఎప్పుడూ కొట్టేవాడి కార్డే చూశాను.”

“అవునండీ,” అన్నాడు క్రెయిగ్.

“విసిరేవాడి కార్డు చూసిందే తక్కువ.”

“తక్కువే.”

“అందుకే విసిరేవాళ్ళు ఎవరైనా ఒకటే అనిపించింది నాకు.”

క్రెయిగ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ హాల్లో ఉన్న అందరూ ఎమిల్ మాట విని ఎన్నో ఏళ్ళు కొట్టేవాళ్ళనే ఎంచుకున్నవాళ్ళే. కన్ను ఉండాలిరా అంటే తలూపినవాళ్ళే. వాళ్ళంతా ఇప్పుడు కాఫీ కప్పుల్లోకి చూస్తున్నారు.

ఎమిల్ బల్ల పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. “నేనే చేశాను,” అన్నాడు.

“ఏంటీ?” అంది ఇర్మా.

“నేనే అరగదీశాను. కావాలనే. గెలవాలని. ఈవిడ నన్ను కాపాడ్డానికి కథ చెప్పింది. రాసుకో క్రెయిగ్, ఎమిల్ సాబోల్ మోసం చేశాడని రాసుకో.”

“ఎలా చేశారండీ?” అన్నాడు క్రెయిగ్, మెత్తగా.

“ఎలా అంటే... ఆకురాయితో.”

“ఎమిల్‌గారూ, దీనిమీద ఒక్క గీత కూడా లేదు.”

“దొంగకైతే ఏం చేస్తున్నాడో తెలుస్తుంది కదా!” ఎమిల్ బల్ల చరిచాడు. “నన్ను దొంగ అనండి. అంతే అడుగుతున్నాను.”

“కూర్చోవయ్యా,” అంది ఇర్మా. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే పదును ఆ ఒక్క మాటలో లేదు. “అబద్ధమాడ్డం కూడా రాదు నీకు.”

ఎవరూ అతన్ని దొంగ అనలేదు. ఆ మాత్రం సాయం కూడా చెయ్యలేదు.

ఇక మీదట పాచికలు ఉండవని, అందరి ఆటలూ కంప్యూటరే ఆడుతుందని, కప్పులు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండనిద్దామని క్రెయిగ్ అన్నాడు. జట్టు ఉంచుకోమని లియో బతిమాలాడు. ఎమిల్ తల అడ్డంగా ఊపాడు. జట్టు వదిలేస్తానన్నాడు.

వదిలేసేవాడికి ఒక ఆనవాయితీ ఉంది. వాళ్ళిద్దరే, ఎమిల్, లియో, కుర్రతనంలో పెట్టుకున్నారు. పోయేవాడు తన ఆటగాళ్ళ కార్డులు పట్టుకుని బల్ల చివర నిలబడి ఒక్కొక్క పేరూ తనే పైకి చదవాలి. కావలసినవాళ్ళు చెయ్యెత్తి తీసుకుంటారు. ఎవరూ ఎత్తకపోతే ఆ కార్డు డబ్బాలోకి పోతుంది, ఆ ఏడాదికి వాడు ఆడడు. ఆఖరి పేరు అయ్యేదాకా పోయేవాడు కదలకూడదు. మర్యాద కోసం పెట్టుకున్నది.

“కారులో ఉంటాను, త్వరగా రా,” అంది ఇర్మా. తలుపుదాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

ఎమిల్ కోటు సర్దుకుని, జేబులోంచి తన కార్డుల కట్ట తీసి, మొదటి కార్డు పైకి పట్టుకున్నాడు.

“డెల్విన్ ఓర్టా. ఎడమ ఫీల్డు. పోయినేడు నా ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు కంచె దాటించాడు.”

బల్ల చుట్టూ ఎవరి చెయ్యీ లేవలేదు. నా ఇంట్లో అన్న మాట అతనికే వినబడినట్టుంది. 

“డెల్విన్ ఓర్టా,” అన్నాడు మళ్ళీ.

లియో చెయ్యి మెల్లగా పైకి వస్తోంది. మెడలో కండ బిగించి, జాలితో, బరువు ఎత్తుతున్నట్టు.

“దింపు లియో,” అన్నాడు ఎమిల్. “వాడు నీకు పనికిరాడు.”

లియో చెయ్యి దింపాడు. ఎమిల్ ఆ కార్డుని డబ్బాలో వేసి రెండోది తీశాడు. చేతిలో కట్ట ఇంకా మందంగానే ఉంది.