టీచరుగారి గదిలో లేచిన టైల్స్

నేను టైల్స్ మేస్త్రీని. మాది ఏలూరు. మా నాన్న తివాచీలు నేసేవారు. ఆయన ఓపిక నాకు రాలేదు గానీ, గీత తిన్నగా ఉందో లేదో చూడగానే పట్టేసే కన్ను మాత్రం వచ్చింది. ఏడో తరగతితో బడి మానేసి పనిలోకి దిగాను. ఏలూరు నుంచి తణుకు దాకా ఎన్ని ఇళ్ళలో నేల పరిచానో నాకే గుర్తు లేదు. వాటిలో నా చేత్తో పరిచి, మళ్ళీ నా చేత్తోనే పెకలించిన నేల ఒక్కటే ఉంది. అది తాడేపల్లిగూడెంలో ఒక టీచరుగారి పడగ్గది.

ఆవిడ ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్తకి కొల్లేరు వైపు చేపల చెరువులున్నాయి. ఆవిడకి పాదాలు చల్లబడిపోయే బాధ ఉంది. రక్తం కాళ్ళ చివరిదాకా సరిగా అందడం లేదన్నారట డాక్టరు. చలికాలమొస్తే రెండు జతల మేజోళ్ళు వేసుకుని కూడా మంచం దిగడానికి భయపడేవారు. ఒకసారి ఇద్దరూ ఉత్తరాదిన మంచు కొండలు చూడ్డానికి వెళ్తే, అక్కడి హోటల్లో గది నేల వెచ్చగా ఉందట. ఆవిడ మూడు రోజులూ ఆ గదిలోంచి కదల్లేదని ఆయన చెప్పారు. తిరిగొచ్చాక అలాంటి నేల తనకీ కావాలన్నారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ నన్ను సూటిగా అడిగారు. "మేస్త్రీ గారూ, మీరెప్పుడైనా వేడి నేల వేశారా అండీ?"

"ఏప్రిల్ వస్తే మన వైపు అన్నీ వేడి నేలలే కదండీ," అన్నాను.

"నేనూ అదే చెప్పానండి. వినదు," అన్నారు ఆయన.

"జనవరిలో తెల్లవారుజామున ఈ బండల మీద నిలబడి ఆ మాట చెప్పమనండి," అన్నారావిడ.

సామాను పార్సిల్లో వచ్చింది. పల్చటి వలకి కరెంటు తీగ అటూ ఇటూ మెలికలు తిప్పి కుట్టినట్టుంది. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి, "ఇందులో చేప పడదండి, కన్ను మరీ పెద్దది," అన్నారు. వలతోపాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. టీచరుగారు దాన్ని నా చేతిలో పెట్టి, "పని మొదలుపెట్టే ముందు ఒకసారి చదవండి," అన్నారు. అలాగేనండి అని సంచిలో పెట్టుకున్నాను. అది మొత్తం ఇంగ్లీషులో ఉంది. నాకు అంకెలు తప్ప ఏమీ తెలియలేదు. ఆ మాట ఇంగ్లీషు టీచరు ముందు చెప్పడానికి నోరు రాలేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి వల పరిచి, దాని మీద పల్చగా సిమెంటు పూత వేయించాడు. ఆ పైన నా పని. నాలుగడుగుల పొడవున్న టైల్స్ తెచ్చారు. సందు కనపడకూడదని ఆయన మరీ మరీ చెప్పారు. నేనూ పట్టుదలకి పోయి, సూది దూరనంత దగ్గరగా ఈ గోడ నుంచి ఆ గోడకి బిగించేశాను. కింద ఎప్పట్లాగే సిమెంటు పాలు పోసి, రబ్బరు సుత్తితో తట్టి, రసమట్టం పెట్టి చూసుకున్నాను. అద్దంలా ఉంది. స్విచ్చి ఎప్పుడు వెయ్యొచ్చని అడిగితే, "మూడ్రోజులాగితే చాలండి," అన్నాను. ఎవరు చెప్పారు నాకు మూడు రోజులని? ఎవరూ చెప్పలేదు. నోటికొచ్చింది, అనేశాను.

మూడు వారాలు తిరక్కుండా ఆవిడ ఫోన్ చేశారు.

"మేస్త్రీ గారూ, మన గదిలో నేల లేచిందండి."

"లేచిందంటే?"

"రెండు టైల్స్ ఒకదాన్నొకటి తోసుకుని గుడారంలా నిలబడ్డాయి. పొద్దున ఆ చప్పుడికి మంచం కోడు విరిగిందనుకుని ఆయన కిందంతా వెతికారు."

పాసింజరు రైల్లో కూర్చున్నంతసేపూ ఏం చెప్పాలా అని ఆలోచించుకున్నాను. భీమడోలు దాటేసరికి తప్పు టైల్స్ కంపెనీది. చేబ్రోలు దాటేసరికి ఎలక్ట్రీషియన్‌ది. గూడెంలో దిగేసరికి రెండూ కలిపి తయారుగా పెట్టుకున్నాను.

గదిలోకి వెళ్ళి తాపీ పిడితో తట్టి చూశాను. ఎక్కడ తట్టినా డొల్ల శబ్దమే. గట్టిగా పట్టుకున్న టైల్స్ ఏ నాలుగో ఐదో. అప్పటికే ఎలక్ట్రీషియన్ అక్కడున్నాడు. తీగ వేడెక్కాల్సినంతే వేడెక్కిందని అతను, నా పని ఇరవై ఏళ్ళలో ఎక్కడా లేవలేదని నేను. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. టీచరుగారు మేం అలిసిపోయేదాకా ఆగి, మెల్లగా అడిగారు.

"ఆ పుస్తకం చదివారా అండీ?"

"చదివానండి."

"ఏముందండీ అందులో?"

నేను తల వంచుకున్నాను. సంచిలోంచి పుస్తకం తీసి ఆవిడ చేతికిచ్చి అన్నాను. "చదవలేదండి. నాకు ఇంగ్లీషు రాదండి."

"ఆ ముక్క ఆ రోజే అంటే నేను చదివిపెట్టేదాన్ని కదండీ," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

వరండాలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకం మొత్తం తెలుగులో చెప్పుకొచ్చారు. వేడికి నేల సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, దాని కదలికకి చోటివ్వాలి. గోడల పక్కన సందు వదలాలి. టైలుకీ టైలుకీ మధ్య కూడా వదలాలి. సిమెంటు పాలు పనికిరావు, సాగే గుణమున్న గమ్ము వాడాలి. పని అయ్యాక కొన్ని వారాలపాటు స్విచ్చి ముట్టుకోకూడదు. నేను చేసినవన్నీ వరసాగ్గా చెయ్యకూడనివే. చదువుతున్నంతసేపూ ఆవిడ నా వైపు చూడలేదు. చూడకూడదనే చూడలేదని నాకు తెలుసు.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ, "రాదని చెబితే వాళ్ళేమైనా కొరుకుతారా?" అంది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. టైల్స్ పెకలిస్తే తీగ తెగుతుంది, వల మార్చక తప్పదన్నాడు ఎలక్ట్రీషియన్. కొత్తది తెప్పించేసరికి చలికాలం గడిచిపోతుంది. "తీగ తెగకుండా నేను తీసి చూస్తానండి," అన్నాను. డొల్లగా ఉన్న టైల్స్ అప్పడాల్లా చేతికి వచ్చేశాయి. వెనక్కి తిప్పి చూస్తే ఒక్కదానికీ సిమెంటు అంటలేదు. షాపులోంచి అప్పుడే తెచ్చినట్టున్నాయి. సిగ్గేసింది గానీ, మళ్ళీ వాడుకోవచ్చని సంతోషం కూడా వేసింది.

చిక్కల్లా అంటుకున్న ఆ నాలుగైదింటి దగ్గర, పూత మీద గట్టిపడిన సిమెంటు గడ్డల దగ్గర. ఉలి పెట్టాలి. తీగ ఎక్కడుందో కనపడదు. దుమ్ము ఎక్కువగా ఉందని టీచరుగారు నేలంతా తడిగుడ్డతో తుడిపించారు. అప్పుడు తట్టింది నాకు. "ఒకసారి స్విచ్చి వెయ్యండి," అన్నాను. కాసేపటికి తీగ పోయిన దారి వెంటే తడి ముందుగా ఆరడం మొదలుపెట్టింది. మెలికలు మెలికలుగా తెల్లటి చారలు తేలాయి. సుద్దముక్కతో వాటి వెంటే గీసుకుంటూ పోయాను. ఎలక్ట్రీషియన్ కూడా ఇంకో సుద్దముక్క తీసుకుని అటు చివర కూర్చున్నాడు.

తర్వాత కరెంటు తీసేసి తీగకి మీటరు తగిలించాడు. అందులో అంకె కనపడుతున్నంతసేపూ తీగ బాగున్నట్టు. రెండో రోజు సాయంత్రం కిటికీ దగ్గర ఆఖరి గడ్డ కొడుతుంటే అంకె మాయమైంది. చేతిలో ఉలి అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. ఎలక్ట్రీషియన్ వంగి చూసి, "ఒక్కచోటే తెగిందండి, అతుకు వెయ్యొచ్చు," అన్నాడు. అతికించాక అంకె మళ్ళీ వచ్చింది. టీచరుగారు గుమ్మంలోంచి, "ఒక్క తప్పుకి నేను మార్కులు తగ్గించేదాన్ని కాదండి," అన్నారు.

ఈసారి గమ్ము కలిపే ముందు బస్తా మీది రాతలు కూడా ఆవిడ చేత చదివించుకున్నాను. పళ్ళ తాపీతో దువ్వెన పెట్టినట్టు గీతలు గీసి, టైలు టైలుకీ మధ్య ప్లాస్టిక్ ముక్కలు పెట్టి, గోడల పక్కన వేలు వెడల్పు సందు వదిలాను. ఆ సందు గోడ అడుగున అంటించే స్కర్టింగ్ పట్టీ కింద దాగిపోయింది. టైల్స్ మధ్య గీతలు కనపడుతున్నాయని ఆయన కాస్త నొచ్చుకున్నారు. "గీతలుంటేనే గది పెద్దగా కనపడుతుందండి," అని ఆవిడే సర్దిచెప్పారు.

ఆగాల్సిన రోజుల్లో టీచరుగారు ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఇంకా ఎన్నాళ్ళని అడిగేవారు. నేను ఒక్క రోజు కూడా తగ్గించి చెప్పలేదు. చివరికి స్విచ్చి వేసే రోజు పనేమీ లేకపోయినా వెళ్ళాను. సంక్రాంతి దాటినా గూడెంలో ఇంకా మంచు కురుస్తోంది. ఒకేసారి పెంచకూడదు కాబట్టి ఎలక్ట్రీషియన్ కొంచెం కొంచెంగా పెంచుతూ వచ్చాడు. మేమందరం చెప్పుల్లేకుండా గది మధ్యలో నిలబడ్డాం. చాలాసేపు వేడేమీ తగల్లేదు. టీచరుగారు ఒక కాలి మేజోడు తీశారు. తర్వాత రెండోది. నేల మీదే చతికిలబడి, రెండు అరికాళ్ళూ ఆనించి, కళ్ళు మూసుకున్నారు. ఆయన కూడా పక్కనే కూర్చున్నారు. నేనూ ఎలక్ట్రీషియనూ చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చి వరండాలో టీ తాగాం.

రెండు చలికాలాలు గడిచాయి. అటువైపు పనికి వెళ్తే ఓసారి టీచరుగారింటికి వెళ్ళి, అడిగి, ఆ గదిలో నాలుగు మూలలా తట్టి చూసి వస్తాను. గట్టి శబ్దమే. ఇప్పుడు మామూలు ఇళ్ళలో కూడా గోడల పక్కన సందు వదులుతున్నాను. మన వైపు ఎండ కూడా నేలని తక్కువ సాగదీయదు. ఎందుకు వదిలారని ఎవరైనా అడిగితే, కూర్చోబెట్టి చెబుతాను. ఓ పావుగంట పడుతుంది. చాలామంది వింటారు.