అరవై రెండిళ్లలో ఒక ఇల్లు

లూదియా పనిమీద పోయిన ఏ ఊళ్లోనూ గుక్కెడు నీళ్లు తాగదు. తెలియనివాళ్లు గర్వం అనుకుంటారు. గర్వమా పాడా! నలభై ఎనిమిదేళ్ల బతుకు నేర్పిన జాగ్రత్త అది. రెండు గేరీలుగా, అంటే రెండు వీధులుగా చీలిపోయిన ఊళ్లో ఒక గేరిలో నీళ్లు తాగావంటే నువ్వు ఆ గేరి మనిషివే. ఇక రెండో గేరిలో నీకు నిజం చెప్పే నోరు ఒక్కటీ ఉండదు. అందుకే పొద్దున్నే నంద్యాలలో సీసా నింపుకుని, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కుతుంది. ఎవరి మోటారు సైకిలూ ఎక్కదు. ఆటో ఫలానావాళ్లదని తెలిస్తే అదీ వదిలేసి నడుస్తుంది. మధ్యాహ్నం బడి వరండాలో కూర్చుని తింటుంది, బడి ఏ గేరిదీ కాదు కాబట్టి.

ఆమె ఉద్యోగం పేరు ఆఫీసు భాషలో చెబితే నోరు తిరగదు. ఒకప్పుడు కక్షలతో నరుక్కున్న ఊళ్లు ఇప్పుడెట్లా ఉన్నాయో, అక్కడి జనం కోలుకోవాలని పెట్టిన పథకాలు పనిచేస్తున్నాయో లేదో ఇల్లిల్లూ తిరిగి అడిగి, ఫారాలు నింపడం. జనం మాత్రం 'శాంతి స్కీమక్క' అంటారు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. సంస్థలు మారాయి, సార్లు మారారు, కాగితం ఫారాలు పోయి ఫోన్లలో ఫారాలొచ్చాయి. మారనిది ఆమె చెప్పులు అరగడం ఒక్కటే.

ఫారంలో లేని కొలతలు కొన్ని ఆమెకు సొంతంగా ఉన్నాయి. టీ అంగట్లో మగవాళ్లు వీపు గోడకు ఆనించి కూర్చుంటున్నారా, వీధికి వీపు పెట్టి నిబ్బరంగా కూర్చుంటున్నారా? పిండి మిషనుకు రెండు గేరీలవాళ్లూ ఒకే పూట వస్తున్నారా? ఒక గేరిలో సావైతే రెండో గేరివాళ్లు శవం దగ్గరికి పోతున్నారా, దూరంగా నిలబడి చూసి పోతున్నారా? ఇవి చూసుకుంటే చాలు, ఊరి నాడి దొరుకుతుంది. అయితే ఆఫీసుకు నాడి అక్కర్లేదు, గడులు నిండాలి. లూదియా అదీ చేస్తుంది. నంద్యాల ఆఫీసు చూసే శాంసన్ కొత్తగా చేరినవాళ్లకు ఆమె ఫారాలే చూపిస్తాడు. "ఇదీ ఫారం నింపడమంటే. ఒక్క గడి ఖాళీ ఉందేమో సూడండి" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా లూదియా లోపల్లోపల మురిసిపోతుంది. ఆ మురిపెమే కొంప ముంచింది. ఆ సంగతికే వస్తున్నా.

ఖాళీ గడి అంటే ఆమెకు అంత కోపం ఎందుకో చెప్పాలి. శిరివెళ్ల పక్కన ఒక ఊళ్లో పుట్టింది ఆమె. తండ్రి నతానియేలు కూలి మనిషి, ఏ పార్టీకీ చెందనివాడు. ఒకనాటి పొద్దున చేనికి నీళ్లు కట్టి వస్తూ, ఎవరికోసమో కాపు కాసినవాళ్లకు అడ్డంపడి వేటుకు బలయ్యాడు. అంతే. తల్లి కరుణమ్మ కళ్లారా చూసింది. పోలీసులకు మూడు పేర్లు చెప్పింది. ఆ తర్వాత రోజూ ఇద్దరు మనుషులు వచ్చి వాళ్ల ఇంటిముందు ఊరికే నిలబడేవాళ్లు. తిట్టేవాళ్లు కాదు, బెదిరించేవాళ్లు కాదు. నిలబడేవాళ్లు, పోయేవాళ్లు. ఏడాదిన్నరకు కేసు విచారణకొచ్చింది. కూతురు వింటుండగానే కరుణమ్మ బోనెక్కి, "నేను చూడలేదు" అంది.

ఆ వారమే సామాను సర్దుకుని నంద్యాల చేరారు. పద్నాలుగేళ్ల లూదియా తల్లితో నెల రోజులు మాట్లాడలేదు. "కడుపు చించుకుంటే కాళ్లమీద పడతాదే పాపా" అని తల్లి ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. తర్వాత మాటలు కలిశాయి, ఒకే కంచంలో తిన్నారు, ఒకే చర్చిలో ఆదివారం ప్రార్థనకు పోయారు. తల్లి పోయి కూడా ఆరేళ్లయింది. ఆ ఒక్క మాట మాత్రం లూదియా ఈనాటికీ క్షమించలేదు. ఫారంలో ఖాళీ గడి చూస్తే ఎవరో ఎవరి మాటనో మింగేసినట్టే ఆమెకు ఒళ్లు మండుతుంది.

కిందటేడు నవంబరులో ఆమెను తుమ్మలమిట్టకు పంపారు. శిరివెళ్ల దాటాక బస్సు దిగి రెండు మైళ్లు నడవాలి. పైగేరిలో ముప్పై నాలుగిళ్లు, కిందిగేరిలో ఇరవై ఏడు, రెంటికీ మధ్యన ఒకటి. మొత్తం అరవై రెండు. ఆఖరి హత్య జరిగి పదహారేళ్లయింది. నాలుగేళ్ల కిందట సంస్థవాళ్లు ఆ ఊళ్లో కుట్టు మిషన్ల సెంటరు పెట్టారు, నెలనెలా రెండు గేరీలనూ కూర్చోబెట్టి మీటింగులు పెట్టారు, సెంటరు గోడమీద నీలం రంగుతో 'పోరు నష్టం పొందు లాభం' అని రాయించారు. ఆ ఊరు బాగుపడిందా లేదా తేల్చే ఆఖరి సర్వే ఇదే.

వారం రోజులు తిరిగింది. ఏ తలుపు తట్టినా ఒకటే మాట. "ఇప్పుడేం లేదక్కా, అందరం బాగుండాం." పైగేరిలో అదే, కిందిగేరిలో అదే. ముసలాయన అదే చెప్పాడు, కొత్తకోడలు అదే చెప్పింది. ఇన్నిళ్లు ఒకే మాటను ఒకే రాగంతో చెబితే అది నిజమన్నా కావాలి, బట్టీ పట్టిందన్నా కావాలి.

ఆఖరున మిగిలింది మధ్యలో ఉన్న ఆ ఒక్క ఇల్లు. పరుపులు కుట్టే బుడేన్ ఇల్లు అది. అప్పటి గొడవల్లో బాంబు పేలి అతని కాలు పోయింది, మూడేళ్లు మంచంలో ఉండి అతనూ పోయాడు. భార్య సర్దార్‌బీ సెంటరులో రవికలు కుడుతూ, కూతురు ముబశ్శిరాను నంద్యాలలో నర్సు చదువు చదివిస్తోంది. ఆ ఊళ్లో ముస్లింలవి నాలుగే ఇళ్లు. మగదిక్కు లేనిది ఇదొక్కటే.

సర్దార్‌బీ అడక్కుండానే టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. లూదియా ఒక్క క్షణం తటపటాయించింది. ఈ ఇల్లు ఏ గేరిదీ కాదు కదా అనుకుని తాగేసింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

"అక్కా, ఆ ఫోను ఒకరవ్వ పక్కన పెట్టు" అంది సర్దార్‌బీ. తలుపు దగ్గరికి పోయి బయటికి చూసి వచ్చింది. "మా మిద్దె మీద రాళ్లు పోయించినారక్కా. పదైదు దినాలాయె."

"ఎవురు?"

"పైగేరోళ్లు. పిట్టగోడ కట్టిస్తారంట. నేనేమన్నా అడిగినానా నాకు పిట్టగోడ కావాలని? నువ్వే పైకెక్కి సూడు, యాడ పోసినారో."

లూదియా నిచ్చెనెక్కి చూసింది. గోడ కట్టే రాళ్లు కావవి. పిడికిట్లో పట్టేంత రాళ్లు. కిందిగేరి వైపు అంచున, వంగి తీసుకుంటే చేతికందేటట్టు కుప్ప పోసి ఉన్నాయి. కింద సందులో పోయే మనిషి నడినెత్తి అక్కణ్ణుంచి తిన్నగా కనిపిస్తోంది.

"ఎవురికీ చెప్పలే. చెప్తే పైగేరోళ్లు ఊరుకోరు, చెప్పకపోతే రేపు కిందిగేరోళ్లు నన్ను ఊరుకోరు. భయమైతాందక్కా" అంది సర్దార్‌బీ, కింద నిచ్చెన పట్టుకుని.

"రాయమంటావా?"

"పేరు రాస్తావా?"

"పేరుండదు. నంబరే."

సర్దార్‌బీ మళ్లీ వీధివైపు చూసింది. "అట్లయితే రాయి. నాకు భయమైతాందని ఒక్కరన్నా రాసుకోండి" అంది.

లూదియా రాసుకుంది. భయం: ఉంది. మతం: ముస్లిం. ఇంటిపెద్ద: ఒంటరి మహిళ. వృత్తి: కుట్టుపని. ఒక్క గడీ ఖాళీ వదల్లేదు, తన అలవాటు ప్రకారం. ఆఫీసుకొచ్చి రాళ్ల సంగతి శాంసన్‌కు నోటితో కూడా చెప్పింది. "రిపోర్టు కానీలే అక్కా, పైవాళ్లకు చెప్తా" అన్నాడు.

జనవరిలో రిపోర్టు తయారైంది. ఊరి ఫలితాలు ఊరి ముందరే చెప్పాలని సంస్థ రూలు పెట్టింది. చాలా గొప్ప రూలు! హైదరాబాదు నుంచి సంధ్య అనే మేడం వచ్చింది. చెడ్డమనిషేం కాదు పాపం, పిల్లలందరికీ బిస్కెట్లు కూడా తెచ్చింది. కుట్టు సెంటరులో మిషన్లు పక్కకు జరిపి, గోడకు తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరుతో బొమ్మ వేశారు. పైగేరివాళ్లు ఎడమవైపు, కిందిగేరివాళ్లు కుడివైపు కూర్చున్నారు. సర్దార్‌బీ తన మిషను పక్కనే నిలబడింది.

"మీ ఊరికి అభినందనలు" అంది సంధ్య. "అరవై రెండిళ్లలో అరవై ఒక్క ఇళ్లు మాకే భయమూ లేదన్నాయి. ఆ మిగిలిన ఒక్క ఇంటి గురించి కూడా మనందరం ఆలోచించాలి."

గుడ్డమీద పట్టిక మారింది. భయం ఉంది: ఒకటి. ముస్లిం: ఒకటి. ఒంటరి మహిళ: ఒకటి. కుట్టుపని: ఒకటి.

పేరు లేదు. ఇంక పేరెందుకు? లూదియా ఆ పట్టికే మళ్లీ చదివింది. నాలుగు గడులు, నాలుగూ తాను నింపినవే. పెద్ద ఊళ్లో అయితే అవి అంకెలు. తుమ్మలమిట్టలో అవి సర్దార్‌బీ ఇంటికి దారి.

హాల్లో ఒక్కరూ తల తిప్పి సర్దార్‌బీ వైపు చూడలేదు. లూదియాను భయపెట్టింది అదే. తెలియకపోతే జనం తల తిప్పి వెతుకుతారు. తెలిస్తే తిప్పరు.

పైగేరి పెద్ద బాలస్వామి మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "ఏం భయమంటమ్మా ఆ ఇంటికి? ఎవురో చెప్తే మేమే సూసుకుంటాం గదా" అన్నాడు, ఎంతో మర్యాదగా. అతను అంటుండగానే వెనకనుంచి ఇద్దరు మనుషులు లేచి గుమ్మం దగ్గరికి పోయి నిలబడ్డారు. ఏమీ అనలేదు. ఊరికే నిలబడ్డారు.

లూదియా లేచింది. "మేడం, అది తప్పు" అంది.

"తప్పంటే?"

"ఆ ఇంటికి నేను పోయినా. టీ తాగినా. మాటల్లో పడి అసలు ప్రశ్న అడగనే లేదు. గడి ఖాళీగా ఉంటే బాగుండదని ఆఫీసులో కూసోని నేనే 'ఉంది' అని నొక్కినా. ఆయమ్మ నాకేం చెప్పలే."

ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. కొత్తదేం కాదు, కోర్టు బోనులో తల్లి నోట విన్నదే.

బాలస్వామి పకపకా నవ్వాడు. "అట్ల చెప్పక్కా మరి! ఊరికే మా ఊరికి మచ్చ తెస్తివి గదా!" అన్నాడు. ఎడమవైపు నవ్వారు, కుడివైపు నవ్వారు. రెండు గేరీలూ కలిసి నవ్వడం ఆ నాలుగేళ్లలో అదే మొదలేమో. గుమ్మం దగ్గర ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. సంధ్య ముఖం మాడ్చుకుని పట్టికలో అంకె మార్చింది. అరవై రెండుకు అరవై రెండు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు శాంసన్ ఆమెను గదిలోకి పిలిచాడు. "నువ్వు ఎందుకట్ల చెప్పినావో నాకు తెలుసక్కా. కానీ దొంగరాత రాసినానని అంతమంది ముందర నీ నోటితోనే చెప్పినావు. ఇంక నిన్ను ఎట్ల పెట్టుకోమంటావు?"

"నా సంగతి ఇడిసిపెట్టు. ఆ రాళ్ల సంగతి చూడు, శాంసన్."

"ఎవురు చెప్పినారని రాయాల? చెప్పినామె చెప్పలేదంటివి. రాసినదానివి నువ్వే అది దొంగరాత అంటివి."

లూదియా గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టి ఇంటికొచ్చింది. బాధగానే ఉంది, ఇరవై రెండేళ్ల పని అది. అయినా ఒక ప్రాణం కాపాడానన్న తృప్తి ఎక్కడో ఉంది. నిజం చెప్పాలంటే, సర్దార్‌బీ ఒకసారి వచ్చి చెయ్యి పట్టుకుంటుందని ఎదురుచూసింది కూడా.

మూడు వారాలకు వచ్చింది సర్దార్‌బీ. కూతుర్ని చూడ్డానికి నంద్యాల వచ్చి, అడ్రసు కనుక్కుని, పట్టపగలు ఎండలో నడిచి వచ్చింది. లూదియా చాప పరిచి కూర్చోబెట్టింది.

"నిన్నెవురన్నా ఏమన్నా అన్నారా?" ఆత్రంగా అడిగింది.

"లేదక్కా. బాగనే మాట్లాడిస్తాండారు." సర్దార్‌బీ కొంగు చివర మడతలు పెడుతూ అంది. "రాళ్లు ఇంగొక ట్రాక్టరు తోలినారు. ఈసారి పిట్టగోడకని అబద్ధం కూడా చెప్పలే. యాల చెప్తారు? మాకు భయం లేదని అరవై రెండిళ్లూ రాసిచ్చినాయి గదా. స్కీము కూడా అయిపోయిందంట. మిషన్లు తీస్కపోయినారు."

లూదియా ఆమె ఎదురుగా చాపమీద కూర్చుంది.

"ఆ దినం నువ్వు లేకపోతే నేను ఊర్లో ఉండలేకపోయేదాన్ని. నాకు తెలుసు, నీ మేలు మర్సిపోను. కానీ అక్కా, పదహారేండ్లలో నాకు భయమైతాందని ఒక్కసారే నోరు తెరిసి చెప్పినా. ఒక్క సోటే అది రాసి ఉండె. దాన్నీ నువ్వే కొట్టేస్తివి."

అందులో కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, అంతే. లూదియా లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. సర్దార్‌బీ ఆ చెంబు వైపు చూసి, "వద్దక్కా. బేగా పోవాల, ఆళ్లగడ్డ బస్సు పోతాది" అంటూ లేచింది. గుమ్మం దాటి చెప్పులేసుకుంటూ ఆగింది.

"మళ్ల మా ఊరికి వస్తావా?"

"లేదు. పని తీసేసినారు."

"అట్లయితే ఇంగ మా ఇంటికొచ్చి ఎవురడుగుతారు?" అంది సర్దార్‌బీ. జవాబు కోసం ఆగకుండా బస్టాండు వైపు నడిచింది.

ఆమె మలుపు తిరిగేదాకా లూదియా గుమ్మంలోనే నిలబడింది. పద్నాలుగేళ్లప్పుడు తాను మాట్లాడని ఆ నెల రోజులూ తల్లి ఇంట్లో ఎట్లా తిరిగిందో, ఎట్లా వండిందో, ఎట్లా తిన్నదో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. అడుగుదామంటే ఇప్పుడు తల్లి లేదు. చెంబులో నీళ్లు అట్లాగే ఉన్నాయి.